గాడిలో వజ్రం

ఇరవై నిమిషాలు పాడే ఎల్పీ రికార్డు పక్క ఒకటి తీసుకుని లెక్క వేద్దాం. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు 1.8 సెకన్లు పడితే, ఇరవై నిమిషాలకు 667 చుట్లు. పాట మొదలయ్యే చోట గాడి కేంద్రానికి సుమారు 146 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. ముగిసే చోట 60 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. సగటు చుట్టుకొలతను చుట్ల సంఖ్యతో గుణిస్తే 430 మీటర్లు తేలుతుంది. ముల్లు మాత్రం లోపలివైపు తొమ్మిది సెంటీమీటర్లకు మించి జరగదు. ఆ 430 మీటర్ల గాడీ దాని మొన కింద రాసుకుంటూ జారిపోతుంది.

ఆ మొన వజ్రంతో చేసినది. మామూలు కంటికి అది నలుసంత కూడా ఆనదు. సాధారణ రకం మొన గుండ్రంగా, 15 నుంచి 18 మైక్రాన్ల వ్యాసార్ధంతో ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇంకాస్త ఖరీదైన దీర్ఘవృత్తాకార మొనలో గోడలకు తగిలే అంచు వ్యాసార్ధం 8 మైక్రాన్లకు దిగుతుంది. గాడి రెండు గోడలు కలిసి ఇంగ్లీషు ‘వి’ అక్షరంలా ఏటవాలుగా ఉంటాయి. మొన వాటి మధ్య కూర్చుంటుంది కానీ గాడి అడుగును తాకదు. రెండు గోడల మీదా చెరొక చోట మాత్రమే ఆనుతుంది. సంగీతం అంతా ఆ రెండు చోట్ల నుంచే పైకి రావాలి.

దాని మీద పడే బరువు చూస్తే చాలా తక్కువ. ఇవాళ్టి ప్లేయర్లలో ఒకటిన్నర గ్రాము నుంచి రెండున్నర గ్రాముల దాకా ఉంటుంది. అయితే ఆ బరువు పంచుకునే స్థలం ఎంతో చూడండి. ఒకటిన్నర గ్రాములు పెట్టామనుకుంటే, 45 డిగ్రీల వాలు వల్ల ఒక్కో గోడ మీద ఒక గ్రాముకు కొంచెం ఎక్కువ పడుతుంది. ఆనే చోటు అయిదు మైక్రాన్ల పొడవు, అయిదు మైక్రాన్ల వెడల్పు అనుకుంటే పీడనం చదరపు సెంటీమీటరుకు నాలుగు టన్నులు దాటుతుంది. కారు టైరులో మనం నింపే గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు రెండు కిలోల చిల్లర. ఇంత ఒత్తిడికి వినైల్ ప్లాస్టిక్‌తో చేసిన గోడ ఆ క్షణంలో కొద్దిగా లోపలికి అణిగి, మొన దాటిపోగానే తిరిగి తన ఆకారానికి వస్తుంది. వినైల్‌కు ఈ సాగే గుణం లేకపోతే రికార్డు ఒక్కసారి పాడేసరికే పాడైపోయేది.

మొన కదలికల లెక్క మరీ ఆశ్చర్యం కలిగిస్తుంది. సెకనుకు పదివేల కంపనాల స్వరం ఒకటి గాడిలో గట్టిగా నమోదై ఉందనుకుందాం. మొన వేగం సెకనుకు పది సెంటీమీటర్లు అయినప్పుడు అది మధ్య నుంచి ఒక్కో వైపుకు ఊగే దూరం ఒకటిన్నర మైక్రాన్లకు కాస్త ఎక్కువ. ఆ ఊగులాటలో దాని త్వరణం భూమ్యాకర్షణ త్వరణానికి ఆరువందల రెట్లు దాటుతుంది. సన్నని స్వరాలకైతే ఆ ఊగులాట ఒక మైక్రాన్‌లో చిన్న భాగం. మన ఇళ్లలో సన్నటి దుమ్ము కణం పది మైక్రాన్లు, ఇరవై మైక్రాన్లు ఉంటుంది. అది మొనకూ గోడకూ మధ్య చేరితే ఏమవుతుందో చెప్పడానికి శబ్దశాస్త్రం చదివి ఉండనక్కరలేదు.

ముల్లు (స్టైలస్) శుభ్రత గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ముల్లు ఆయుష్షు గురించి చెబుతారు. నా దృష్టిలో అది రెండో విషయం. ముల్లు అరిగితే డబ్బు పెట్టి ఇంకొకటి తెచ్చుకుంటాం. గాడి అరిగితే ఆ పాట ఆ ఇంట్లో అంతటితో సరి. ఈ అధ్యాయం ముల్లును కాపాడుకోవడం గురించే అయినా, ఆ కాపాడటం అంతా రికార్డు కోసమే.

మొదట్లో సంగతి ఇలా ఉండేది కాదు. ఎమిల్ బెర్లినర్ 1887లో చదునైన బిళ్లతో గ్రామఫోన్‌కు పేటెంట్ తీసుకున్నాడు. కొన్నేళ్లకు ఆ బిళ్లలను లక్కతో చేయడం మొదలైంది. లక్క పురుగు చెట్ల కొమ్మల మీద వదిలే జిగురు అది. ప్రపంచ అవసరాల్లో ఎక్కువ భాగం మన దేశమే తీర్చేది. లక్కలో రాతిపొడి కలిపి బిళ్లలు అచ్చువేసేవారు. రాతిపొడి కలపడం వెనక ఒక తర్కం ఉంది. అప్పటి ముల్లు ఉక్కుది. దాన్ని పట్టి ఉంచే సౌండ్‌బాక్స్ బరువు వంద గ్రాములకు పైమాట. ఉక్కు ముల్లును గాడిలో పెట్టగానే మొదటి కొన్ని చుట్లలో రాతిపొడి దాని మొనను ఆకురాయిలా అరగదీసి గాడికి సరిపోయే ఆకారం తెస్తుంది. అక్కడి నుంచి పాట సరిగ్గా వినిపిస్తుంది. పక్క పూర్తయ్యేసరికి మొన మరీ అరిగి అంచులు తేలుతుంది. అందుకే ముళ్ల డబ్బాల మీద ఒక ముల్లును ఒక్కసారే వాడమని రాసేవారు. పాత ఇళ్లలో ఇప్పటికీ కనిపించే హిజ్ మాస్టర్స్ వాయిస్ రేకు డబ్బాలు ఆ ముళ్లవే. డబ్బాకు రెండువందలు వచ్చేవి. ముల్లు త్యాగం చేసి రికార్డును బతికించే పద్ధతి అది. పొదుపు కోసం ఒకే ముల్లుతో నాలుగైదు పక్కలు వాయించిన ఇళ్లలో రికార్డులు బూడిదరంగు తేలి గరగరమనడం మొదలుపెట్టాయి.

రెండో ప్రపంచయుద్ధంలో లక్క దొరకడం కష్టమై అమెరికా దాని వాడకం మీద ఆంక్షలు పెట్టింది. సైనికుల కోసం తయారుచేసిన రికార్డులకు వినైల్ వాడారు. యుద్ధం ముగిశాక 1948లో కొలంబియా సంస్థ వినైల్‌తో ఎల్పీని తెచ్చింది. గాడి వెడల్పు మూడోవంతుకు తగ్గింది. రాతిపొడి పోయింది, దానితోపాటు గరగర కూడా పోయింది. 1958లో స్టీరియో రికార్డులు అంగట్లోకి వచ్చాయి. ఇంగ్లండ్‌లో అలన్ బ్లూమ్లీన్ 1931లోనే పేటెంట్ పెట్టిన ఆలోచన ప్రకారం ఒక గోడ మీద ఎడమ చెవికి, ఇంకో గోడ మీద కుడి చెవికి వేరువేరు శబ్దాలు చెక్కారు. ఈ మార్పులన్నిటితో ముల్లుకూ రికార్డుకూ ఉన్న సంబంధం తలకిందులైంది. రికార్డు మెత్తబడింది, ముల్లు వజ్రమైంది. ఒక పక్కకు ఒక ముల్లు అన్న రోజులు పోయి, ఒకే ముల్లు వందల గంటలు గాడిలో ఉండే రోజులు వచ్చాయి. మొనను శుభ్రం చేయవలసిన అవసరం అప్పుడే పుట్టింది.

మొనను పట్టుకునే మట్టి ఎక్కడి నుంచి వస్తుంది? చాలామటుకు రికార్డు మీది నుంచే. వినైల్ విద్యుత్తును ప్రవహించనివ్వదు. కాగితపు సంచిలోంచి రికార్డును లాగినప్పుడు రాపిడికి పుట్టిన స్థిర విద్యుత్తు దాని మీదే నిలిచిపోతుంది. గాలిలో తేలే నూలు పోగులు, చర్మపు పొట్టు, ఇసుక నలుసులు దానికి అంటుకుంటాయి. గాలిలో తేమ తక్కువగా ఉండే శీతాకాలపు మధ్యాహ్నాల్లో ఇది మరీ ఎక్కువ. వాటికి వేళ్ల జిడ్డు తోడవుతుంది. మన ఇళ్లలో అగరొత్తుల పొగ, సాంబ్రాణి పొగ, వంటింటి నూనె ఆవిరి కూడా సన్నని జిగురు పొరగా రికార్డు మీద దిగుతాయి. పూజగదీ రికార్డు ప్లేయరూ ఒకే హాల్లో ఉన్న ఇళ్లలో ముల్లుకు జిడ్డు త్వరగా పడుతుంది. 430 మీటర్ల గాడిని ఊడ్చుకుంటూ వచ్చేది ముల్లే కాబట్టి అదంతా చివరికి దాని మొన చుట్టూ చేరుతుంది. కొంత మెత్తని నూగులా పోగవుతుంది. కొంత ఒత్తిడికీ రాపిడి వేడికీ గట్టిపడి వజ్రం పక్కలకు పెచ్చులా కరుచుకుంటుంది. నూగు కంటికి కనిపిస్తుంది. ఎక్కువ హాని చేసేది కనిపించని పెచ్చు.

పెచ్చు కట్టిన మొన గాడిలో పూర్తిగా దిగలేదు. ఫలితం ముందుగా తెలిసేది హల్లుల్లో. స, శ, ష ధ్వనుల శక్తి ఎక్కువగా మూడువేల నుంచి పదివేల హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ సుప్రభాతం వంటి సంస్కృత స్తోత్రాల రికార్డు దీన్ని పట్టుకోవడానికి చక్కటి పరీక్ష, ఎందుకంటే అందులో ఈ అక్షరాలు తరచుగా తగులుతూనే ఉంటాయి. మొన శుభ్రంగా ఉంటే ‘స’ పలికిన వెంటనే అచ్చు విడిగా, తేటగా వినిపిస్తుంది. మట్టి ఉంటే ‘స’ చుట్టూ ఉమ్మి చిందినట్టు ఒక గరుకు చేరుతుంది. తంబురా మీటులోని మెరుపు తగ్గుతుంది. మట్టి ఇంకా పెరిగితే ముల్లు గాడి మీద తేలిపోయి పక్క గాడిలోకి జారుతుంది.

ఇదే లోపం రికార్డు లోపలి చుట్లలో ఎక్కువగా వినిపించడానికి వేరే కారణం ఒకటుంది. బయటి అంచులో గాడి మొన కింద సెకనుకు 51 సెంటీమీటర్ల వేగంతో సాగుతుంది. లోపలి చివర 21 సెంటీమీటర్లే. పదివేల హెర్ట్జ్ స్వరం ఒక్క అల పరుచుకోవడానికి బయట 51 మైక్రాన్ల స్థలం దొరికితే లోపల 21 మైక్రాన్లే దొరుకుతుంది. 18 మైక్రాన్ల వ్యాసార్ధం ఉన్న గుండ్రని మొన అంత ఇరుకు వంపుల్లోకి ఎలా దూరుతుంది? దూరలేదు. సన్నని అంచు మొనలు పుట్టింది ఈ ఇబ్బంది వల్లే. జపాన్‌లో జేవీసీ సంస్థ ఇంజనీరు నోరియో షిబాతా 1970ల మొదట్లో రూపొందించిన మొన ఇప్పటికీ ఆయన పేరుతోనే చెలామణి అవుతోంది. కాబట్టి చివరి పాటలో కొద్దిపాటి గరుకు వినిపించినంత మాత్రాన ముల్లు పాడైందని తీర్మానించకూడదు. ముందు తుడిచి చూడాలి. తుడిచాక పోతే అది మట్టి. ఎంత తుడిచినా పోకపోతే, రికార్డు కూడా శుభ్రంగా ఉంటే, అప్పుడు అరుగుదలను అనుమానించాలి.

వజ్రం అరుగుతుందా అని చాలామంది అడుగుతారు. అరుగుతుంది. మోస్ గట్టితనపు కొలమానంలో వజ్రానిది 10, ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7. మెత్తనిది గట్టిదాని మీద గీత పెట్టలేదన్న సూత్రం ఒక్క గీతకు వర్తిస్తుంది. కిలోమీటర్ల కొద్దీ, టన్నుల పీడనంతో, మధ్యలో ఇసుక నలుసులతో రాసుకుంటున్నప్పుడు వజ్రం ఉపరితలం నుంచి కూడా అతి సూక్ష్మమైన తునకలు లేచిపోతాయి. వజ్రపు స్ఫటికం అన్ని దిశల్లోనూ ఒకే గట్టితనంతో ఉండదు. వజ్రాలకు సానపట్టేవారు దాని బలహీన దిశ చూసే పని చేస్తారు. మంచి ముల్లు తయారీదారులు అందుకు భిన్నంగా బలమైన దిశ గాడి గోడలకు ఆనేలా వజ్రాన్ని అమరుస్తారు. అయినా 500 గంటల నుంచి వెయ్యి గంటల మధ్య మొన మార్చాల్సిందే. 500 గంటలంటే 1500 పక్కలు, గాడిలో దాదాపు 645 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి చెన్నైకి రోడ్డు మీద వెళ్లేంత దూరం. పాత ప్లేయర్లలో ఉండే నీలమణి మొన అందులో చిన్న వంతు దూరమే వస్తుంది.

అరిగిన మొన మొద్దుబారుతుందని అనుకుంటాం. అసలు ప్రమాదం అది కాదు. గోడలకు ఆనే రెండు చోట్లా వజ్రం చదునుగా అరిగి, ఆ చదును చుట్టూ పదునైన అంచు తేలుతుంది. గుండ్రంగా ఉన్నంతకాలం గాడి వంపుల మీద జారిన మొన ఇప్పుడు ఉలిలా పనిచేస్తుంది. సన్నని వంపులను చెక్కేస్తుంది. చెక్కేసిన వంపు మరి రాదు, ఆ తర్వాత ఎంత మంచి ముల్లు పెట్టినా. పాత రికార్డుల అంగళ్లలో పైకి గీత లేకుండా నిగనిగలాడుతూ, వాయిస్తే గట్టి స్వరాల దగ్గర పగిలిపోయే రికార్డులు కనిపిస్తుంటాయి. అవి చాలావరకు అరిగిన ముళ్లకు బలైనవే.

సరే, తుడవడం ఎలా? ముందు ముల్లు నిర్మాణం చూస్తే పద్ధతి దానంతట అదే తెలుస్తుంది. వజ్రం ఒక సన్నని కాడ చివర అతికించి ఉంటుంది. కాడ సాధారణంగా అల్యూమినియంది, ఖరీదైన వాటిలో బోరాన్‌ది. కాడ రెండో కొస చిన్న రబ్బరు వలయంలో కూర్చుంటుంది. కాడ కదిలితే అక్కడి అయస్కాంతం కదిలి తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. కొన్ని రకాల్లో అయస్కాంతం స్థిరంగా ఉండి తీగచుట్టే కదులుతుంది. కార్ట్రిడ్జ్ అనే ఈ అమరికలో దెబ్బ తినడానికి మూడు చోట్లున్నాయి: వజ్రాన్ని అతికించిన జిగురు, వంగిపోయే కాడ, పాడైపోయే రబ్బరు. మొనను తుడిచే ఏ పద్ధతినైనా ఈ మూడింటికీ ఏమవుతుందన్న ప్రశ్నతోనే కొలవాలి.

రికార్డు తిరిగేటప్పుడు గాడి మొనను వెనక నుంచి ముందుకు, అంటే ముల్లును మోసే ఆర్మ్ ఇరుసు వైపు నుంచి మన వైపుకు లాగుతూ ఉంటుంది. కాడను ఆ లాగుడుకు తట్టుకునేలా తయారుచేశారు. అందుకని బ్రష్‌ను కూడా ఆ దిశలోనే, వెనక నుంచి ముందుకు మాత్రమే నడపాలి. ముందు నుంచి వెనక్కి నెడితే కాడ రబ్బరులోకి కుంగుతుంది. పక్కలకు ఊడ్చితే వంగుతుంది. సన్నని, పొట్టి, ఒత్తయిన వెంట్రుకల బ్రష్ చాలు. పిడి ఇనుముది కాకూడదు. కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతం ఇనుప పిడిని చటుక్కున లాక్కుంటే ముల్లు పోయినట్టే. తుడిచే ముందు ఆంప్లిఫయర్ శబ్దం పూర్తిగా తగ్గించాలి. కార్ట్రిడ్జ్ ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. దాన్ని స్పీకర్ల దాకా తెచ్చేసరికి వేల రెట్లు పెంచుతాం, బ్రష్ తగిలిన చప్పుడు కూడా అంతగానూ పెరిగి వస్తుంది. రికార్డు తిరిగే పళ్లెం ఆగి ఉండాలి. ప్రతి పక్కకూ ముందు రెండు మూడు సార్లు ఇలా తుడిస్తే నూగు పోతుంది, పెచ్చు కట్టడానికి అవకాశమూ తగ్గుతుంది. ఇంతకుమించి రోజూ చేయవలసింది ఏమీ లేదు.

వేలితో తీయడం మాత్రం మన దగ్గర చాలా ఇళ్లలో అలవాటు. చూపుడువేలితో మొన కింద అలా ఒక రాపు రాస్తారు, స్పీకర్లలో బరబరమని మోగుతుంది, నూగు వస్తుంది. నూగుతో పాటు వేలి జిడ్డు వజ్రానికి అంటి తర్వాతి దుమ్ముకు జిగురవుతుంది. చెయ్యి ఏమాత్రం వణికినా కాడ వంగుతుంది. ఒకసారి వంగిన అల్యూమినియం కాడను తిన్నగా చేయాలని చూస్తే విరుగుతుంది. నోటితో ఊదడం కూడా వద్దు. ఊపిరిలోని తేమా ఉమ్మి తుంపరలూ మొన మీద పడతాయి.

గట్టిపడిన పెచ్చుకు బ్రష్ సరిపోదు. అప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి మెత్తని జిగురుజెల్. జపాన్‌లో తయారయ్యే ఆన్‌జో జీరోడస్ట్ వంటివి ఈ పని కోసమే వచ్చాయి. ఆగి ఉన్న పళ్లెం మీద జెల్ పెట్టి, ఆర్మ్‌ను దించే మీటతో మొనను నిట్టనిలువుగా దాని మీదికి దించి, కొద్ది క్షణాల తర్వాత మళ్లీ నిలువుగా ఎత్తాలి. మట్టి జెల్‌కు అంటుకుని వస్తుంది. జెల్ మురికి పడితే నీళ్లతో కడిగి ఆరబెట్టుకోవచ్చు. జిగురుకూ కాడకూ రబ్బరుకూ దీనివల్ల ప్రమాదం లేదు కాబట్టి నేను ముందుగా సిఫారసు చేసేది దీన్నే. రెండోది మెలమైన్ నురగ. వంటింటి మరకలు తుడవడానికి తెల్లటి ఇటుకముక్కలా అమ్మే స్పాంజిలో ఉండేది అదే. దాని సూక్ష్మ నిర్మాణం గట్టి రెజిన్ పుల్లల అల్లికలా ఉంటుంది. మొన అందులోకి దిగినప్పుడు ఆ పుల్లలు పెచ్చును గీకుతాయి. పనిచేస్తుంది, నిజమే. అయితే మొన లోపల ఉండగా నురగను పక్కకు కదిపితే అది కాడను పట్టుకుని లాగుతుంది. నిలువుగా దించి, నిలువుగా ఎత్తే ఓపిక ఉన్నవారు మాత్రమే దాని జోలికి వెళ్లాలి.

ద్రవాల విషయంలో తయారీదారులకే ఏకాభిప్రాయం లేదు. ఆడియో టెక్నికా వంటి పేరున్న సంస్థ మొన కోసమని ప్రత్యేకంగా చిన్న సీసాలో ద్రవం అమ్ముతుంది. తమ ముళ్లకు ఏ ద్రావకమూ తగలనివ్వవద్దనే తయారీదారులూ ఉన్నారు. స్పిరిట్ జిడ్డును కరిగిస్తుందన్నది వాస్తవం. అది కాడ వెంట పాకి రబ్బరును చేరే అవకాశం ఉందన్నదీ, కొన్ని జిగుర్లను వదులు చేస్తుందన్నదీ అంతే వాస్తవం. మీ ముల్లుతో వచ్చిన కాగితంలో ఏం రాసి ఉంటే అదే పాటించండి. కాగితం లేకపోతే పొడిగానే తుడవండి. ద్రవం తప్పనిసరి అనిపిస్తే బ్రష్ కొనను తడిపీ తడపనట్టు ముంచి, వజ్రానికే తగిలేలా, వెనక నుంచి ముందుకు ఒక్కసారి లాగి, పూర్తిగా ఆరేదాకా ఆగాలి. చుక్క వేలాడేంత తడి ఎప్పుడూ పనికిరాదు.

మొనను ఎంత తుడిచినా రికార్డు మురికిగా ఉంటే శ్రమంతా వృథా. వాయించే ముందు కార్బన్ పోగుల బ్రష్‌తో రికార్డును ఒక చుట్టు తుడవడం, దుమ్ము లోతుగా దిగిన పాత వినైల్ రికార్డులను లేబుల్ తడవకుండా కడిగి ఆరబెట్టడం ఈ పనికి ముందుభాగమే. ఆర్మ్ బరువు గురించి కూడా ఒక మాట. తక్కువ బరువు పెడితే రికార్డు తక్కువ అరుగుతుందని చాలామంది నమ్ముతారు. ఫలితం సరిగ్గా వ్యతిరేకంగా ఉంటుంది. బరువు చాలని మొన గట్టి స్వరాల దగ్గర గోడను వదిలి ఎగిరి, తిరిగి పడేటప్పుడు గోడకు దెబ్బ కొడుతుంది. తయారీదారు ఇచ్చిన హద్దుల్లో పైసగం వైపు ఉంచడమే క్షేమం. చిన్న డిజిటల్ తూకంతో దాన్ని కొలుచుకోవచ్చు. పాట అయిపోయాక ముల్లును చివరి గాడిలో తిరగనిచ్చి నిద్రపోతే ఒక్క రాత్రిలో ఎనిమిది గంటల ఆయుష్షు పోతుంది, ఒక్క పాట కూడా వినకుండా.

వాడకపోయినా ముల్లు పాతబడుతుంది. వజ్రానికి ఏమీ కాదు, రబ్బరు గట్టిపడుతుంది. మన ఎండాకాలపు వేడి దాన్ని ఇంకా తొందర చేస్తుంది. ముప్ఫై ఏళ్లుగా అటక మీద పెట్టెలో ఉన్న ముల్లు సీలు విప్పనిదైనా సరే, కొత్తదానితో సమానం కాదు. అమెరికాలో షూర్ సంస్థ 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీ మానుకున్నాక ఆ సంస్థ కార్ట్రిడ్జ్‌లున్నవారికి జపాన్‌లోని జైకో వంటి సంస్థలు సరిపడే ముళ్లు తయారుచేస్తున్నాయి. కార్ట్రిడ్జ్ మోడల్ పేరు తెలిస్తే చాలా పాత ప్లేయర్లకు కూడా ముల్లు దొరుకుతుంది.

గాడిని చదివేందుకు సరైన మొన ఎంత అవసరమో తెలిసినవారు దాన్ని అంతరిక్షానికి కూడా పంపారు. 1977లో బయలుదేరిన రెండు వాయేజర్ నౌకల్లోనూ బంగారు పూత పూసిన రాగి రికార్డు ఉంది. దానికి జతగా ఒక కార్ట్రిడ్జ్‌ను, ముల్లును పెట్టారు. ముల్లును ఎక్కడ ఉంచాలో, రికార్డును ఎంత వేగంతో తిప్పాలో మూత మీద బొమ్మలు గీశారు. 55 భాషల శుభాకాంక్షలున్న ఆ రికార్డులో తెలుగు పలుకు కూడా ఉంది.

మన దగ్గర ఉన్న రికార్డులకు ఇంకో చిక్కుంది. పాశ్చాత్య దేశాల్లో లక్క రికార్డులు ఆగిపోయాక కూడా మన దేశంలో అవి 1960ల చివరిదాకా తయారవుతూ వచ్చాయి. అందుకే ఒకే బీరువాలో నిమిషానికి 78 చుట్లు తిరిగే పౌరాణిక నాటక పద్యాల లక్క రికార్డులు (78లు), ఘంటసాల భగవద్గీత ఎల్పీ పక్కపక్కనే ఉంటాయి. ఈ రెండింటికీ ఒకే ముల్లు పనికిరాదు. 78 గాడికి 75 మైక్రాన్ల వ్యాసార్ధం ఉన్న మొన కావాలి. ఎల్పీ మొన పెడితే అది అడుగుకు దిగిపోయి అక్కడి మట్టిలోనూ రాతిపొడిలోనూ దొర్లుతుంది, తానూ అరుగుతుంది. 78 మొనను ఎల్పీ మీద పెడితే అది గాడి పైఅంచులను చితకకొడుతుంది. ఆనాటి నాలుగు వేగాల ప్లేయర్లలో కార్ట్రిడ్జ్ పక్కన మొనను అటూ ఇటూ తిప్పే చిన్న మీట ఉండేది అందుకే. ఆ మీట ఏ వైపుందో చూడకుండా ముల్లు దించకూడదు. ఇంకొకటి, 78లను స్పిరిట్‌తో తుడవకూడదు. లక్కను స్పిరిట్‌లోనే కరిగించి కలపకు పాలిష్ పెడతారు. రికార్డు మీద స్పిరిట్ పడినా జరిగేది అదే, గాడి కరుగుతుంది.

మీ ఇంట్లోనో, తాతగారి ఊళ్లోనో అలాంటి రికార్డుల పెట్టె ఉంటే ఒక మనవి. బయటికి తీసిన ఉత్సాహంలో, ప్లేయర్లో ఎన్నాళ్లుగానో ఉన్న ముల్లుతో వాయించేయకండి. ముందు దాన్ని వంద రెట్లు పెంచి చూపించే సూక్ష్మదర్శినిలో చూపించండి, లేదా కొత్తది వేయించండి. రికార్డుకు తగిన మొన పెట్టండి, తుడవండి, బరువు కొలవండి. ఆ తర్వాత వాయించండి. మొదటిసారి వాయించేటప్పుడే కంప్యూటరులోకి నమోదు చేసి పెట్టుకోండి. నాటక పద్యాల రికార్డుల్లో చాలావాటికి మాతృకలు ఎక్కడా మిగల్లేదు, మీ పెట్టెలో ఉన్న ప్రతే చివరిది కావచ్చు.